జోనంగి జాగిలాలు: పాత పెంపకందారులను ఏమి అడగాలి, ఎలా రాసుకోవాలి?

అల్వాల్ నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులోని అల్వాల్‌లో ఉంటాను. నాలుగేళ్ల క్రితం కొల్లేటి ఒడ్డున, కైకలూరుకు దగ్గరలో ఉన్న ఒక లంక గ్రామం నుంచి జోనంగి అనే అక్కడి దేశవాళీ జాతి కుక్కపిల్లలను, ఒక ఆడ, ఒక మగ, తెచ్చుకున్నాను. వాటిని ఇచ్చిన పెద్దాయనకు ఇప్పుడు ఎనభై ఏళ్లు దాటాయి. చిన్నతనం నుంచి బాతుల మందల వెంట తిరిగిన మనిషి. ఆయన దగ్గర ఒక్క కాగితం ముక్క కూడా లేదు గాని, ఏ కుక్క ఏ ఇంటి నుంచి వచ్చిందో, దాని తల్లి ఏ గట్టున ఈనిందో మూడు నాలుగు తరాల వరకు తడుముకోకుండా చెప్పగలరు. ఈ మధ్య ఆయనకు చూపు బాగా తగ్గిందట. కొడుకు చేపల చెరువులు కౌలుకు చేసుకుంటున్నారు, కుక్కల మీద ఆయనకు ఆసక్తి లేదు.

సంక్రాంతికి వెళ్లి నాలుగు రోజులు ఆయన దగ్గర కూర్చోవాలని అనుకుంటున్నాను. అయితే ఏమి అడగాలో, అడిగినదాన్ని ఏ పద్ధతిలో రాసుకోవాలో తెలియడం లేదు. జర్మన్ షెపర్డ్ జాతికి మూలపురుషుడని చెప్పే మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ గురించి చదివాను. ఆయన 1899లో ఒక ప్రదర్శనలో తనకు నచ్చిన గొర్రెల కాపరి కుక్కను కొని, హోరాండ్ అని పేరు మార్చి, సంఘం పెట్టి, వంశావళి పుస్తకంలో దాన్నే మొదటి కుక్కగా నమోదు చేశారు. మనం కూడా అలా ఒక మేలైన జోనంగిని ఆదర్శంగా ఎంచుకుని, దాని సంతానాన్నే పెంచుకుంటూ పోవడం సరైన దారేనా? మరొక సందేహం కూడా ఉంది. నా రెండు కుక్కల తల్లులు వేరు, తండ్రి మాత్రం ఒకటేనని పెద్దాయన అంటున్నారు. వీటిని జత కట్టించవచ్చా?

ముధోళ అభిమాని, ఆసిఫ్‌నగర్:

మీ ప్రశ్న చదివాక చాలాసేపు నా పాత తప్పులే గుర్తుకు వచ్చాయి. నేను ముప్పై ఏళ్లుగా కారవాన్ హౌండ్లను, అంటే ముధోళ జాగిలాలను పెంచుతున్నాను. (కారవాన్ అంటే మన కార్వాన్ పేట అనీ, ముధోళ అంటే మన నిర్మల్ జిల్లా ముధోల్ అనీ అనుకునేవారు నగరంలో ఇప్పటికీ ఉన్నారు. ఇది కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోళ.) అక్కడి సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఈ కుక్కలను చేరదీసి, ఒక జతను ఐదవ జార్జి చక్రవర్తికి బహూకరించారన్న కథను మేమందరం గర్వంగా చెప్పుకుంటాం. 2005లో తపాలా శాఖ నాలుగు భారతీయ జాతి కుక్కలతో బిళ్లలు వెలువరించినప్పుడు అందులో ముధోళ కూడా ఉంది. రాజుగారి పేరు మాకు గుర్తుంది గాని, ఆయనకు ముందూ ఆయన తరువాతా ఆ కుక్కలను వేటలో వాడి, మంచిచెడ్డలు తెలిసి నిలబెట్టిన గ్రామస్థులలో ఒక్కరి పేరు కూడా మా పుస్తకాలకు ఎక్కలేదు. మీ పెద్దాయన అటువంటి వారిలో ఒకరు, ఇంకా మన మధ్య ఉన్నారు.

నేను ఈ జాతిలోకి దిగిన కొత్తలో కుందేలు వేటలో పేరున్న ఒక వృద్ధుడి వద్దకు చాలాసార్లు వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ "మీ కుక్కలలో అన్నిటికంటే మంచిది ఏది?" అని అడిగేవాడిని. ఆయన ఏదో ఒక పేరు చెప్పేవారు, నేను దాని ఎత్తు, రంగు రాసుకుని వచ్చేవాడిని. ఆ మనిషి పోయాక ఆ రాతలు తిరగేస్తే పనికివచ్చే విషయం ఒక్కటీ కనిపించలేదు. అసలు అడగవలసినది, ఆయన ఏ కుక్కలను పెంపకానికి పనికిరావని పక్కన పెట్టారు, ఎందుకు పెట్టారు అని. మంచి కుక్కను గురించి అడిగితే పెంపకందారుడు పొగడ్త చెబుతాడు. వదిలేసిన కుక్కను గురించి అడిగితే మాత్రం తన కొలమానం ఏమిటో చెప్పక తప్పదు. ఎండలో తొందరగా ఆయాసపడినదా, పిల్లలకు పాలు సరిగా ఇవ్వనిదా, ఇంటివాళ్ల మీదికే తిరగబడినదా, ఇవన్నీ ఆ జవాబులో ఉంటాయి.

స్టెఫానిట్స్ గారి విషయంలో మీరు చదివినది నిజమే, కాని అది సగమే. ఆయన అందం కంటే పనికి పెద్దపీట వేశారు, అది మనం నేర్చుకోదగినది. అయితే హోరాండ్ రక్తాన్నీ దాని కొడుకు రక్తాన్నీ చాలా దగ్గరి బంధుత్వాలలో పదేపదే కలిపారు. తరువాత కుక్కలు మరీ ఎత్తుగా, నలుచదరంగా తయారవుతున్నాయని గ్రహించి, 1925 ప్రదర్శనలో పొట్టిగా, పొడవాటి ఒడలుతో ఉన్న క్లోడో అనే కుక్కకు పట్టం కట్టి దారి మార్చవలసి వచ్చింది. తన జాతి తప్పుదారి పట్టిందని బహిరంగంగా ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. నాకు అది లేకపోయింది. ప్రదర్శనలలో గెలిచిన ఒకే మగకుక్కకు నా ఆడకుక్కలన్నింటినీ జత కట్టించి, మూడో తరం మగపిల్లలలో వృషణాలు దిగకపోవడం చూసి కూడా రెండేళ్లపాటు నన్ను నేను సమర్థించుకున్నాను.

కొల్లేటి మనిషి, ప్రస్తుతం కూకట్‌పల్లి:

మా తాతగారి ఇంట్లో బాతుల మందలు ఉండేవి కనుక నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను. వరి కోతలు అయ్యాక పొలాలలో రాలిన గింజల కోసం బాతులను ఊరూరా తోలుకుపోయేవారు. ఆ ప్రయాణంలో రాత్రిపూట దడి కట్టి బాతులను లోపలికి తోలడం, నక్కలను, అడవిపిల్లులను దగ్గరకు రానివ్వకపోవడం జోనంగి పని. అది మామూలు కుక్కలా మొరగదు. గొంతు సాగదీసి కూసినట్టు ఒక వింత ధ్వని చేస్తుంది. ఆ ధ్వనిలో తేడాను బట్టి వచ్చినది మనిషా, జంతువా అని మా తాతగారు చీకట్లోనే చెప్పేవారు.

చేపల చెరువులు వచ్చాక ఈ పని పోయింది. 1980ల నుంచి సరస్సు గర్భంలోకి కూడా చెరువులు పాకాయి. 2006 ప్రాంతంలో ప్రభుత్వం గట్లు కొట్టించింది గాని, బాతుల మందలు తిరిగి రాలేదు. చేపలకు కాపలా కుక్క అవసరమే అయినా, దానికి మంద తోలే నేర్పు అక్కరలేదు. నా ఉద్దేశంలో జాతికి జరిగిన నష్టమంతా ఇక్కడే ఉంది. కుక్కలు కొన్ని మిగిలాయి గాని వాటిని పరీక్షించే పని మిగలలేదు.

పై సభ్యులు చెప్పిన ప్రశ్న చాలా మంచిది. దానికి ఒక మాట కలుపుతాను. మీరు ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి రికార్డరు పెట్టి అడిగితే మర్యాద కోసం రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. మీ కుక్కలను వెంట తీసుకువెళ్లండి. చూపు తగ్గినా ఫరవాలేదు, చేతితో తడిమి చెబుతారు. మా తాతగారు పిల్ల మెడ దగ్గర తోలు పట్టి చూసేవారు, నుదుటి ముడతలు వేలితో లెక్కపెట్టేవారు, అరికాలు నొక్కి చూసేవారు. జోనంగికి వెంట్రుక చాలా పొట్టిగా, చర్మానికి అంటుకుని ఉంటుంది కనుక చేతికి అన్నీ తెలుస్తాయి. వీలైతే పక్క ఊరిలో ఎవరివైనా పది బాతులు అడిగి తీసుకుని కుక్కను వాటి ముందు వదలండి. బాతును నోట కరవకుండా వెనుక నుంచి చుట్టి తెచ్చే కుక్క ఏదో ఆయన ఒక్క నిమిషంలో పసిగడతారు, ఆ పూట ఆయన నోటి వెంట వచ్చే మాటలను రాసుకోండి.

రంగు గురించి మీరు అడగలేదు గాని అడగబోతారు. నగరంలో గోధుమరంగు పిల్లలకే గిరాకీ ఉంది. మా ఊళ్లో నల్లవి, తెల్ల మచ్చలవి కూడా ఉండేవి, వాటిని ఎవరూ తక్కువగా చూడలేదు. దయచేసి రంగును చూసి పిల్లలను ఏరవద్దు.

పశువైద్యుడు, రాజేంద్రనగర్:

జత కట్టించే విషయానికి నేరుగా వస్తాను. తండ్రి ఒకటే, తల్లులు వేరు అయితే, పుట్టే పిల్లలలో అంతఃప్రజనన గుణకం (తల్లిదండ్రుల దగ్గరి బంధుత్వం ఎంత ఉందో చెప్పే కొలత) కనీసం 12.5 శాతం అవుతుంది. సొంత అన్నాచెల్లెళ్లకు అది 25 శాతం. కనీసం అని ఎందుకన్నానంటే, పై తరాలలో తల్లుల మధ్య కూడా బంధుత్వం ఉంటే అది ఇంకా పెరుగుతుంది, కొన్ని ఊళ్లకే పరిమితమైన జాతిలో అలా ఉండే అవకాశమే ఎక్కువ. కనుక వద్దు. మీ ఆడకుక్కకు వేరే లంక నుంచి మగకుక్కను వెతకండి. పెద్దాయన చెప్పే వంశవృక్షం విలువ ఇక్కడే తెలుస్తుంది. ఏ రెండు ఇళ్ల కుక్కలకు మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు లేవో ఆయన ఒక్కరే చెప్పగలరు.

జోనంగి లాగే మొరగకుండా కూత పెట్టే ఆఫ్రికా జాతి బసెంజీ కథ మీకు ఉపయోగపడుతుంది. పాశ్చాత్య దేశాలకు చేరిన కొద్ది కుక్కల నుంచే ఆ జాతి పెరగడంతో, ఫాంకోనీ అనే మూత్రపిండాల వ్యాధి దానిలో వ్యాపించింది. చివరకు 1980లలో కొందరు పెంపకందారులు కాంగో అడవి గ్రామాలకు వెళ్లి అక్కడి కుక్కలను తెచ్చారు, 1990లో, కుక్కల జాతులను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్, కొత్త కుక్కలను చేర్చుకోకుండా మూసి ఉన్న వంశావళి పుస్తకాన్ని వాటి కోసం తెరిచింది. వాళ్లకు వెనక్కి వెళ్లడానికి ఆ గ్రామాలలో కుక్కలు ఇంకా ఉన్నాయి కనుక సరిపోయింది. కొల్లేటి ఊళ్లలో ఉన్నవాటిని అక్కడే ఉండనివ్వడం కూడా సంరక్షణే. దొరికిన మంచి కుక్కనల్లా నగరానికి తీసుకువచ్చి, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించి అపార్ట్‌మెంట్లలో పెంచితే మూలమే ఎండిపోతుంది.

రాసుకునే పద్ధతి సులభమే. ప్రతి కుక్కకు ఒక పేజీ, తల్లి, తండ్రి, ఇంటివారి ఊరు, పుట్టిన కాలం, చనిపోయిన వయసు, కారణం, ఎన్ని ఈతలు, ఎన్ని పిల్లలు బతికాయి. తేదీలు గుర్తుండవు కనుక తుఫానులను, ఎన్నికలను, ఇంట్లో పెళ్లిళ్లను గుర్తుగా పెట్టుకుని అడగండి. చనిపోయిన కారణం అన్నింటికంటే ముఖ్యం, దానినే అందరూ మరచిపోతారు. బతికి ఉన్నవాటికి మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) వేయించి, ఆ నంబరును అదే పేజీలో రాయండి. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో రాజపాళయం, చిప్పిపారై, ముధోళ జాతులను ఇప్పటికే నమోదు చేసింది. జోనంగికి అటువంటి దరఖాస్తు పెట్టాలంటే జాతి లక్షణాలు, అది పుట్టి పెరిగే ప్రాంతం, దాని ఉపయోగం వివరంగా కావాలి. మీ నోటుపుస్తకం అందుకు మొదటి ఆధారం కాగలదు. పిల్లలను అమ్మే ఆలోచన ఉంటే 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి.

అల్వాల్ నివాసి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. జత కట్టించే ఆలోచన మానుకున్నాను. సంక్రాంతి దాకా ఆగలేక నిన్న రాత్రి పెద్దాయనకు ఫోను చేసి, వదిలేసిన కుక్కల గురించి అడిగాను. మొదట నవ్వి దాటవేశారు. తరువాత ఒక నల్ల ఆడకుక్క సంగతి ఎత్తారు. మంద తోలడంలో దానికి సాటి లేదట, కాని రాత్రిళ్లు దడి వదిలి ఇంటికి వచ్చి పడుకునేదట. అందుకని దాన్ని ఆకివీడు దగ్గర తన బావమరిదికి ఇచ్చేశారు. "తప్పు కుక్కది కాదు బాబూ, ఆ ఏడు నేను జబ్బుపడి ఇంట్లో ఉన్నాను. అది నా కోసం వచ్చేది, నాకప్పుడు తట్టలేదు" అన్నారు. ఆ బావమరిది ఇంట్లో దాని సంతతి ఇంకా ఉందట, ఈ ముప్పై ఏళ్లలో తమ కుక్కలతో ఎన్నడూ కలవలేదట. ఈసారి కైకలూరు నుంచి ఆకివీడు కూడా వెళ్తున్నాను. పెద్దాయన కూడా కారులో వస్తానన్నారు.