బార్బడోస్‌లో 8 రాత్రులు: బస పడమటి తీరంలోనా, దక్షిణ తీరంలోనా?

ప్రశ్న

ఫిబ్రవరి రెండో వారం నుంచి 8 రాత్రులు బార్బడోస్‌లో ఉండాలనుకుంటున్నాం. మేమిద్దరం, ఏడేళ్ల పాప, 70 దాటిన అత్తగారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మెట్లు కష్టం. దీవంతా చుట్టేయాలన్న ఆలోచన లేదు. పొద్దున, సాయంత్రం కాసేపు సముద్రంలో గడిపి, మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుంటే చాలు. కారు అద్దెకు తీసుకోకుండా పని జరిగితే మేలు. హోటళ్ల ఫొటోలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ముందు ఏ తీరం, ఏ ఊరు అన్నది తేలితే మిగతాది చూసుకుంటాం.

జవాబు 1

మీరు సరైన చోటే మొదలుపెట్టారు. ఇక్కడ హోటల్ కంటే తీరం ముఖ్యం. దీవి పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. ఇంత చిన్న చోట కూడా ఒక్కో వైపు ఒక్కో రకం సముద్రం ఉంటుంది.

తూర్పు తీరాన్ని బస జాబితాలోంచి తీసేయండి. ఈశాన్యం నుంచి వచ్చే గాలి అట్లాంటిక్ కెరటాలను నేరుగా అటే తోస్తుంది. ఆ తీరంలోని బాత్‌షీబా చూడ్డానికి చాలా బాగుంటుంది, సర్ఫింగ్ చేసేవాళ్లకు పేరున్న చోటు. కానీ అక్కడ ఈతకు దిగకూడదు, మనిషిని లోపలికి లాగేసే ప్రవాహాలున్నాయి. నీరు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య మడుగుల్లో కూర్చోవచ్చు, అంతవరకే. ఒక పూట టాక్సీలో వెళ్లి చూసి రండి.

పడమటి తీరానికి దీవే గాలికి అడ్డు. అందుకే పేన్స్ బే, హోల్‌టౌన్, మల్లిన్స్ దగ్గర నీళ్లు చాలా రోజులు చెరువులా ఉంటాయి. అద్దెలు మాత్రం ఎక్కువ, ఇసుక సన్నం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చలికాలంలో ఉత్తర అట్లాంటిక్ తుపానుల నుంచి వచ్చే పెద్ద అలలు ఈ తీరాన్నే తాకుతాయి. అవి వచ్చిన రోజుల్లో నీళ్లు మురికిగా మారతాయి, కొన్నిచోట్ల ఇసుక కోసుకుపోతుంది. మీరు వెళ్లేది ఫిబ్రవరిలో కాబట్టి ఇది మనసులో పెట్టుకోండి.

దక్షిణ తీరంలో అలలు మధ్యస్థం, కానీ అంతటా ఒకేలా ఉండవు. బ్రిడ్జ్‌టౌన్ నుంచి తూర్పుగా వెళ్తే వరసగా హేస్టింగ్స్, రాక్లీ, వర్దింగ్, సెయింట్ లారెన్స్ గ్యాప్, డోవర్, మాక్స్‌వెల్, ఆయిస్టిన్స్ వస్తాయి. వర్దింగ్ ముందు పగడపు దిబ్బ అలల జోరును విరిచేస్తుంది కాబట్టి పిల్లలకు అనువు. రాక్లీలోని ఆక్రా బీచ్‌లో అలలు కాస్త ఎక్కువే, అయితే లైఫ్‌గార్డులు ఉంటారు. అక్కడినుంచి హేస్టింగ్స్ వైపు సముద్రం పక్కనే సుమారు 1.6 కిలోమీటర్ల నడకదారి ఉంది. మోకాళ్లు నొప్పెట్టే పెద్దావిడకు అలాంటి చదునైన దారి, కూర్చోవడానికి చోటు దొరకడం పెద్ద వరం. ఆయిస్టిన్స్ దాటాక సిల్వర్ సాండ్స్ కైట్ సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద అలలపై జారే ఆట) చోటు, గాలి విపరీతం, మీకు పనికిరాదు.

నా ఓటు వర్దింగ్‌కి. సెయింట్ లారెన్స్ గ్యాప్‌లో గది తీసుకుంటే రాత్రి బార్ల సంగీతం కిటికీలోంచి వస్తుంది, అది గుర్తుంచుకోండి.

జవాబు 2

పై జవాబులో చాలావరకు ఒప్పుకుంటాను. కానీ బడ్జెట్ ఉంటే పాప కోసం హోల్‌టౌనే చూడమంటాను. సూపర్‌మార్కెట్, బ్యాంకు, భోజనశాలలు, బీచ్ అన్నీ నడక దూరంలో ఉంటాయి. కారు లేనివాళ్లకు పడమటి తీరంలో అంత వీలైన ఊరు ఇంకోటి లేదు. హోల్‌టౌన్ దాటి విడిగా ఉన్న విల్లా తీసుకుంటే పాల ప్యాకెట్‌కి కూడా బస్సో టాక్సీయో కావాలి. ఒక్క జాగ్రత్త: 1627 ఫిబ్రవరి 17న తొలి ఆంగ్లేయ వలసదారులు అక్కడ దిగినందుకు గుర్తుగా ఏటా ఫిబ్రవరి మధ్యలో హోల్‌టౌన్ ఉత్సవం జరుగుతుంది. ఆ వారం వీధులు కిక్కిరిసి ఉంటాయి. మీ తేదీలు సరిగ్గా అటే పడుతున్నాయి, సందడి ఇష్టం లేకపోతే వర్దింగే మేలు.

బస్సుల గురించి. మూడు రకాలున్నాయి: నీలం రంగు ప్రభుత్వ బస్సులు, పసుపు మినీబస్సులు, తెల్లటి జెడ్‌ఆర్ వ్యాన్లు. మూడింటిలోనూ టికెట్ 3.50 బార్బడోస్ డాలర్లు, దూరంతో పని లేదు. ప్రభుత్వ బస్సులో చిల్లర తిరిగి ఇవ్వరు, సరిపడా నాణేలు పెట్టుకోండి. స్టాపు బోర్డు మీద నగరానికి వెళ్లేదా, నగరం నుంచి బయటికి వెళ్లేదా అని రాసి ఉంటుంది. వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి రోడ్డుకు ఏ పక్క నిలబడాలో ముందే చూసుకోవాలి. జెడ్‌ఆర్‌లో మనుషుల్ని ఇరికించి కూర్చోబెడతారు, పాట మోగిపోతుంటుంది. మీకు సరదాగా ఉండొచ్చు గానీ అత్తగారిని మాత్రం ఎక్కించకండి. ఆవిడకు టాక్సీయే. టాక్సీలకు మీటర్లు ఉండవు. ఎక్కకముందే ధర మాట్లాడుకుని, అది ఏ డాలర్లలోనో కూడా అడగండి. 2 బార్బడోస్ డాలర్లు 1 అమెరికా డాలర్‌కి సమానం కాబట్టి పొరబడితే రెట్టింపు ఇస్తారు. గది అద్దెలు ఎక్కువగా అమెరికా డాలర్లలో, హోటల్ మెనూలు స్థానిక డాలర్లలో ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. వర్దింగ్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ ఒకటి కనిపించింది. 'సముద్రానికి 2 నిమిషాలు' అని ఉంది. డబ్బు కట్టేముందు యజమానిని ఏం అడగాలి?

జవాబు 3

మొదట రోడ్డు. దక్షిణ తీరం పొడవునా సముద్రానికి దగ్గరగా హైవే 7 వెళ్తుంది, రద్దీ ఎక్కువ. ఇల్లు రోడ్డుకు లోపలి పక్కన ఉంటే ఆ 2 నిమిషాల్లో పాపతో, అత్తగారితో రోజుకు నాలుగుసార్లు రోడ్డు దాటడం కూడా ఉంటుంది. ఉపగ్రహ చిత్రంలో ఇంటిని వెతికి చూడండి, లేదా యజమానినే సూటిగా అడగండి: 'రోడ్డు దాటాలా?'

తర్వాత మెట్లు. రెండు మూడు అంతస్తుల పాత కట్టడాల్లో లిఫ్ట్ ఉండదు. 'కింది అంతస్తే' అన్న మాటతో సరిపెట్టుకోకండి. వీధి నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు, ఇసుకలోకి దిగడానికి ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, స్నానాల గదిలో తొట్టి గట్టు దాటాలా? వీటికి అంకెల్లో జవాబు రాబట్టండి.

ఏసీ పడకగదుల్లోనే ఉందా, హాల్లో కూడానా? అత్తగారు హాల్లో సోఫా మీద పడుకోవాల్సి వస్తే ఇది పెద్ద తేడా. కరెంటుకు విడిగా డబ్బు తీసుకుంటారా అన్నదీ అప్పుడే అడగండి. అక్కడ 115 వోల్టులు, రెండు చదును పిన్నుల ప్లగ్గు. 230 వోల్టులకే చేసిన పరికరం అక్కడ సరిగా పనిచేయదు, ఆవిడకు నెబ్యులైజర్ లాంటిది ఉంటే దాని మీద రాసినది చూడండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు కొననక్కర్లేదు.

చూపించిన అద్దెలో పన్నులు, సర్వీస్ ఛార్జి, రాత్రికింతని వేసే గది రుసుము కలిశాయో లేదో తేల్చుకుని మొత్తం అంకె రాయించుకోండి. ఫిబ్రవరి మంచి గిరాకీ కాలం, రద్దు షరతులు కఠినంగా ఉంటాయి.

'బీచ్ ఫ్రంట్' కోసం ఎక్కువ పెట్టాలని మీకు అనిపించొచ్చు. దీవిలో బీచ్‌లన్నీ అందరివీ. ఎంత ఖరీదైన హోటల్ ముందైనా ఇసుకలో మీ తువ్వాలు పరుచుకోవచ్చు, కుర్చీలు మాత్రం వాళ్లవి. కాబట్టి ఆ డబ్బుతో బ్రిడ్జ్‌టౌన్ దగ్గరి కార్లైల్ బేకి రెండుసార్లు టాక్సీలో వెళ్లిరండి. నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, తాబేళ్లు కనిపించే అవకాశమూ ఉంది. రేవులో క్రూజ్ ఓడలు లేని రోజు చూసుకుని పొద్దున్నే వెళ్తే జనం తక్కువ.

పడమటి తీరానికి వెళ్లిన రోజు పాపకు ఒక మాట చెప్పి ఉంచండి. కాండం మీద ఎర్ర పట్టీ వేసిన చెట్టు మాంచినీల్. దాని పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, చిన్న ఆపిల్‌లా కనిపించే కాయ విషం. వానలో దాని కింద నిలబడినా ప్రమాదమే, ఆకుల మీంచి కారే నీళ్లలో ఆ పాలు కలుస్తాయి. అన్ని చెట్లకూ పట్టీ ఉంటుందని అనుకోవద్దు.