లీకే కదా, ఆదివారం దాకా ఆగలేమా?

పెన్నాగట్టు (నెల్లూరు): మా కాలేజీ ల్యాబులో ఒకే లినక్స్ సర్వర్, 80 మంది పిల్లకాయలు దాంట్లోనే లాగినవుతారు. దాని కెర్నెల్‌కి (సిస్టం మొత్తాన్ని నడిపే మూల ప్రోగ్రాం) ప్యాచ్, అంటే లోపం సరిచేసే సవరణ వచ్చింది. 'కెర్నెల్ మెమరీ కొంత బయటికి పొక్కే లోపం' అని ఒక్క లైనుంది, అంతే. ఎల్లుండి ప్రాక్టికల్స్. మా సీనియర్ సారేమో "దాడి చేసేవాడు మెమరీ చదవగలడు గానీ రాయలేడు గదా, ఆదివారం చూద్దాం" అంటున్నారు. ఏం చేయమంటారు?

కందుకూరు కుర్రోడు: సారు చెప్పిందే కరెక్టు. పరీక్ష పూట సర్వర్ లేవకపోతే తిట్లు తినేది నువ్వే. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నెల్ వాళ్లే సీవీఈ నంబర్లు (భద్రతా లోపాలకిచ్చే గుర్తింపు నంబర్లు) ఇస్తన్నారు, చిన్న సవరణకి కూడా ఒకటి తగిలిస్తన్నారు. అన్నిటికీ రీబూట్ కొడితే ఇంకేం పని జరగదు.

ఒంగోలు గిత్త: "చదవడమే గదా" అంటేనే నాకు మండుద్ది. ఒక స్ట్రక్ట్‌లో (కొన్ని విలువల్ని కలిపి కట్టిన మూట) ముందు 1 బైట్, తర్వాత 8 బైట్ల అంకె ఉందనుకో. మన లెక్క 9, కంపైలర్ వేసేది 16. మధ్యలో 7 ఖాళీ. ఖాళీ అంటే సున్నాలు కాదు సామీ, అంతకుముందు ఆ స్టాక్‌లో (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) ఏ ఫంక్షన్ ఏం వదిలిపోయిందో అదే. రాత్రి పులుసు గిన్నె కడక్కుండా పొద్దున పాలు పోసినట్టు. దాన్ని అట్టాగే యూజర్‌కి కాపీ చేస్తే ఆ 7 కూడా పోతాయి. అక్కడ పాత పాయింటర్ (కెర్నెల్‌లో ఒక చోటి అడ్రస్) ఉంటే మొదటి ఫీల్డ్ చెరిపేది దాని చివరి బైట్‌నే (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో చివరిదే ముందుంటది), మిగతా ఏడూ పదిలం. దాడి చేసేవాడికి అడ్రస్ తెలియకుండా బూట్ అయినప్పుడల్లా కెర్నెల్ చోటు మార్చే కేఏఎస్‌ఎల్‌ఆర్‌కి ఎక్స్86-64లో ఉన్నదే 1 జీబీ, 2 ఎంబీ మెట్లతో 512 చోట్లు. ఏ చోటో ఇట్టే తేలిపోద్ది.

కందుకూరు కుర్రోడు: తేలనీ. ఆ అడ్రస్‌తో ఏమన్నా చెయ్యాలంటే మెమరీలో రాసే బగ్ ఇంకోటి దొరకాలి గదా. అయినా ప్రీఫెచ్‌కి (డేటాని ముందే తెచ్చిపెట్టమని ప్రాసెసర్‌కి చెప్పే ఆదేశం) పట్టే టైము కొలిచి 2016లోనే ఆ చోటు పట్టేశారు.

ఉలవపాడు మామిడి: ఇద్దరూ అడ్రస్ దగ్గరే కొట్టుకుంటన్నారు. కారేది అడ్రసేనా? 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం కూడా ఒక్క బైట్ రాయలేదు, చదివిందంతే. కెర్నెల్ మెమరీలో ఉన్న పక్కోడి పాస్‌వర్డ్ కూడా చదవొచ్చు దాంతో. నా ల్యాప్‌టాప్ అయితే నేనూ ఆదివారమే అంటా, 80 మంది లాగినయ్యే సర్వర్ కథ వేరు. ప్యాచ్ తెరిచి చూడబ్బాయ్, ఎన్ని బైట్లు, రూట్ (అన్ని అధికారాలున్న అడ్మిన్) కానోడు ఆ ఫంక్షన్ దాకా పోగలడా. పోలేడంటే పరీక్షలు కానీ.

పెన్నాగట్టు: చూశా. చేర్చింది మెమ్‌సెట్ (ఆ చోటంతా ముందే సున్నాలతో నింపేది) ఒక్క లైనే. సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) ఆప్షన్ చదివే దారిలో ఉంది, ఎవుడైనా పిలవొచ్చు. మూలనున్న పాత మెషీన్లో చిన్న ప్రోగ్రాం రాసి నడిపితే మూడోసారికి ఎఫ్‌లు వరసగా పడ్డాయి, కెర్నెల్ అడ్రసులు మొదలయ్యేది వాటితోనే. ఫొటో తీసి సారుకి పంపా. రాత్రి పదికి ప్యాచ్ వేసి రీబూట్ కొట్టేయమన్నారు.

కందుకూరు కుర్రోడు: సరే అయితే. పాత కెర్నెల్ మాత్రం తీసేయమాక, గ్రబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ కెర్నెల్ కావాలో ఎంచుకునే మెనూ) ఉండనీ. కొత్తది లేవకపోతే దాంట్లోకే పోవచ్చు.