అప్‌డేట్: గ్రాన్యూల్స్ ప్యాకింగ్‌కి చివరికి ఏ బ్యాగులు తీసుకున్నామంటే

రీసైకిల్డ్ హెచ్‌డీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) గ్రాన్యూల్స్‌ని, అంటే గింజల్లాంటి ముక్కల్ని, 25 కిలోల సంచుల్లో నింపాలా, ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే పెద్ద జంబో బ్యాగుల్లోనా అని రెండు నెలల క్రితం అడిగాను. హైదరాబాద్ కాటేదాన్‌లో మాది చిన్న యూనిట్. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండి.

ముందుగా, వాడేసిన పాత సంచులు కొనడం పూర్తిగా మానేశాం. ఒక కస్టమర్ రమ్మంటే వెళ్లి చూశాను. హాపర్‌లో (మెషిన్‌కి గ్రాన్యూల్స్ పోసే తొట్టిలో) మా నల్ల గ్రాన్యూల్స్ మధ్య తెల్లటి దారప్పోగులు! సంచి మూతి కోసినప్పుడు రాలినవే. చూసి మనసు చివుక్కుమంది.

జంబో గురించి మీలో ఒకరు చెప్పింది అక్షరాలా నిజం. టన్ను బ్యాగంటే టన్ను మోయగలదని, టన్ను పడుతుందని కాదు. మా 90×90×120 సెం.మీ. బ్యాగు 550 కిలోల దగ్గరే నిండిపోయింది. ఫ్లేక్స్ (కరిగించకముందు ఉండే పల్చటి ప్లాస్టిక్ తునకలు) అయితే ఇంకా తక్కువే పడతాయి. లేబుల్ మీద సేఫ్టీ ఫ్యాక్టర్ 5:1 (రాసిన బరువుకి ఐదు రెట్లు తట్టుకునేలా చేసినదని) చూసుకుని, వానాకాలం తేమ టెన్షన్ లేకుండా లోపల లైనర్ (పల్చటి ప్లాస్టిక్ సంచి) ఉన్నవే తీసుకున్నాం.

ఫోర్క్‌లిఫ్ట్ లేని చిన్న కస్టమర్లకు 25 కిలోల సంచులే, కాకపోతే కొత్తవి, మూతి మడిచి కుట్టినవి. ఖర్చు పెరిగింది, కానీ దారప్పోగులు చూపించిన ఆ కస్టమర్ మళ్లీ ఆర్డర్ ఇచ్చారు.

అడుగున స్పౌట్ (సరుకు కిందికి వదిలే గొట్టంలాంటి మూతి) ఉన్న జంబో బ్యాగులు వాడేవాళ్లుంటే, ఖాళీ చేసేటప్పుడు లైనర్ కూడా జారిపోకుండా ఏం చేస్తున్నారో చెప్పండి.