ఎ330ల స్థానంలో ఏ విమానం? మారుమూల డైవర్షన్ ఎయిర్‌పోర్టులను ఎవరైనా లెక్కలోకి తీసుకుంటున్నారా?

కుడిసీటు_330 (ప్రశ్న):

నమస్తే అండీ. నేను ఎ330 మీద ఫస్ట్ ఆఫీసర్‌ని (కో-పైలట్‌ని). మా కంపెనీ పాత ఎ330-200లు తీసేసి కొత్తవి కొనబోతోంది. ఎ330-900, ఎ350-900, బోయింగ్ 787-9 పరిశీలనలో ఉన్నాయి. ప్రస్తుతం మేం తిరిగేది ఉత్తర అట్లాంటిక్ మీద. త్వరలో ఉత్తర పసిఫిక్ కూడా మొదలవుతుందని అంటున్నారు.

క్రూ రూమ్‌లో మాటలన్నీ ఈటాప్స్ (రెండు ఇంజిన్ల విమానం దిగగలిగే ఎయిర్‌పోర్టుకి ఎంత దూరం దాకా వెళ్లొచ్చో చెప్పే పరిమితి) నిమిషాల చుట్టూనే. ఎ330నియోకి (అంటే ఎ330-900కి) 285, 787కి 330, ఎ350కి 370 కాబట్టి ఎ350 కొనేస్తే సరిపోతుందని చాలామంది తేల్చేశారు. కెనడాలోని గూస్ బే, ఇకాలుయిట్, అలాస్కాలోని కోల్డ్ బే, షెమ్యా లాంటి చోట నిజంగానే దారి మళ్లించి (డైవర్షన్) దిగాల్సి వస్తే ఏ విమానంతో దిగడం మేలు అనేది నా సందేహం. అలాంటి చోట దిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ట్రిపుల్‌సెవెన్_కెప్టెన్:

ఒక ఇంజిన్ మీద, ఎదురుగాలి లేదనుకుని, ఆల్టర్నేట్‌కి (అవసరమైతే దిగడానికి ముందే ఎంచుకున్న ఎయిర్‌పోర్టుకి) ఎంత దూరంలో ఎగరవచ్చో ఈటాప్స్ నిమిషాలు చెబుతాయి. దిగాక మీ ప్రయాణికులు ఎక్కడ పడుకుంటారో అవి చెప్పవు. ఉత్తర అట్లాంటిక్‌లో కెఫ్లావిక్ (ఐస్లాండ్), గాండర్ (కెనడా), గూస్ బే, లాజెస్ (అజోర్స్ దీవులు) వాతావరణం బాగుంటే 180 నిమిషాలు ధారాళంగా సరిపోతాయి. ఆ రూట్లకి 370 కోసం డబ్బు పెట్టనక్కర్లేదు.

పైగా ఆ అంకె శాశ్వతం కాదు. 2018 ఏప్రిల్‌లో కొన్ని రోల్స్ రాయిస్ ట్రెంట్ 1000 ఇంజిన్ల కంప్రెసర్ బ్లేడ్లలో పగుళ్ల సమస్య వల్ల, ఆ ఇంజిన్లున్న 787ల ఈటాప్స్‌ని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) 330 నుంచి 140 నిమిషాలకి తగ్గించింది. 330ని నమ్ముకుని నెట్‌వర్క్ గీసుకున్నవాళ్లు రూట్లు మళ్లీ గీసుకోవాల్సిందే.

2017 ఫిబ్రవరి 1న జూరిక్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న స్విస్ 777-300ఈఆర్ ఒక ఇంజిన్ ఆగిపోయి ఇకాలుయిట్‌లో దిగింది. ల్యాండింగ్ క్షేమంగా అయింది, కష్టం ఆ తర్వాత మొదలైంది. ప్రయాణికుల కోసం ఇంకో విమానం రావాలి. కొత్త ఇంజిన్‌ని ఆంటొనోవ్-124 భారీ కార్గో విమానంలో తీసుకొచ్చారు. గడ్డకట్టే చలిలో, ఆరుబయట ఇంజిన్ మార్చారు. అదే ఏడాది సెప్టెంబర్ 30న గ్రీన్లాండ్ మీద ఎయిర్ ఫ్రాన్స్ ఎ380 ఇంజిన్ ముందు భాగం ఊడిపోయి గూస్ బే చేరింది. నాలుగు ఇంజిన్ల విమానమే, అయినా 500 మందికి పైగా జనంతో అక్కడే ఆగింది. అంతమందిని చూసుకునే ఏర్పాట్లు ఆ ఊళ్లో లేక, ప్రయాణికులు గంటల తరబడి లోపలే కూర్చున్నారు.

నా అనుభవం ఇంత పెద్దది కాదు. ఒక ప్రయాణికుడికి ఛాతీ నొప్పి వస్తే ఉత్తర అట్లాంటిక్ ఒడ్డున ఒక చిన్న ఎయిర్‌పోర్టులో దిగాం. వాళ్ల దగ్గరున్న మెట్లు 737 ఎత్తువి, మా తలుపు దాకా అందలేదు. చివరికి కార్గో లోడర్ మీద స్ట్రెచర్ పెట్టి దించారు. ఈలోగా బయట మంచు, లోపల వెచ్చదనం కోసం ఏపీయూ (తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్) ఆపకుండా నడిపాం, మా డ్యూటీ టైమ్ (మాకు అనుమతించిన పని గంటలు) కరిగిపోతోంది. ఇంకాస్త ఆలస్యమైతే విమానం బాగున్నా నడిపేవాళ్లు లేక అందరం అక్కడే చిక్కుకునేవాళ్లం. ఆ రోజు నుంచి ఆల్టర్నేట్ లిస్టు చూస్తే రన్‌వే పొడవు కంటే ముందు మెట్లున్నాయా, వేడి గది ఉందా అనే అడుగుతాను.

అందుకే విమానం ఎంచుకునేటప్పుడు అది ఒంటరిగా ఎంతసేపు నిలబడగలదో చూడాలి. ఉదాహరణకి 787లో ఇంజిన్ కరెంటుతోనే స్టార్ట్ అవుతుంది. ఏపీయూ పని చేయకపోతే ఒక గ్రౌండ్ పవర్ యూనిట్ (నేల మీద నుంచి కరెంటు ఇచ్చే బండి) చాలదు, మారుమూల ఎయిర్‌పోర్టులో మంచిది ఒకటి దొరకడమే గొప్ప. ఎ330, ఎ350లకి ఎయిర్ స్టార్ట్ యూనిట్ (ఒత్తిడి గాలి పంపే బండి) దొరికితే ఇంజిన్ తిప్పుకోవచ్చు. మిలిటరీ వాడిన పాత స్థావరాల్లో ఎయిర్ స్టార్ట్ యూనిట్ దొరికే అవకాశం ఎక్కువ. ఈ తేడా బ్రోచర్లో కనపడదు. అలాగని 787 చెడ్డదని నేననను. ఏపీయూ పని చేయని 787ని ఉత్తర పసిఫిక్ మీదకి పంపే ముందు మీ కంపెనీ రెండుసార్లు ఆలోచించాలని మాత్రం అంటాను.

డిస్పాచ్_డెస్క్:

కెప్టెన్ గారి మాటలో చాలావరకు నిజం, కానీ నిమిషాలు వృథా అంటే ఒప్పుకోను. ఫ్లైట్ ప్లాన్లు వేసే నా టేబుల్ మీద ఆల్టర్నేట్లు ఎప్పుడు మాయమవుతాయో తెలియదు. 2022లో రష్యా గగనతలం మూసుకుపోయాక ఫిన్ఎయిర్ హెల్సింకి–టోక్యో విమానాలను ఉత్తర ధ్రువం మీదుగా నడపాల్సి వచ్చింది. నిన్నటిదాకా లిస్టులో ఉన్న సైబీరియా రన్‌వేలు ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. అప్పుడు ఎక్కువ నిమిషాలున్నవాళ్లే ఊపిరి పీల్చుకున్నారు. ఉత్తర పసిఫిక్‌లో షెమ్యా మీద పొగమంచు, కోల్డ్ బేలో ఈదురుగాలులు. రెండూ ఒకేరోజు పోతే నిమిషాలే నన్ను కాపాడతాయి.

ఇంకో మాట. మా లెక్కల్లో తరచుగా ఇంధనాన్ని పెంచేది ఇంజిన్ ఫెయిల్యూర్ కాదు, డికంప్రెషన్ (క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోవడం). రెండు ఆల్టర్నేట్లకి సమాన దూరపు పాయింట్ దగ్గర క్యాబిన్ ప్రెషర్ పోయిందనుకోండి. 10,000 అడుగులకి దిగి అక్కడి నుంచి వెళ్లాలి, ఆపైన 1,500 అడుగుల్లో 15 నిమిషాలు హోల్డింగ్ (చుట్లు కొడుతూ ఆగడం), తర్వాత అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు రావడం). వీటన్నిటికీ ఇంధనం మోసుకెళ్లాలి. ఆ ఎత్తులో ఇంజిన్లు ఇంధనం తాగేస్తాయి. నాలుగు ఇంజిన్లున్నా ఆ బాధ తప్పదు. ఆల్టర్నేట్ ఎంత దూరమైతే ఆ ఇంధనం అంత ఎక్కువ, దాని బరువుకి సరిపడా కార్గో తగ్గుతుంది. మీ కంపెనీ మూడు విమానాల బేరం చూసేటప్పుడు కోల్డ్ బే వాడుకోగలిగిన రోజు, లేనిరోజు ఎంత పేలోడ్ (ప్రయాణికులు, సరుకుల బరువు) పోతుందో విడివిడిగా వేయించమనండి.

కుడిసీటు_330:

ధన్యవాదాలండీ. ఏపీయూ, స్టార్ట్ సంగతి మా క్రూ రూమ్‌లో ఎవరూ అనలేదు. మరి ఒక చోట చిక్కుకుపోతే రికవరీకి (విమానాన్ని బాగుచేసి తెచ్చుకోవడానికి) ఏది తేలిక?

లైన్_ఇంజినీర్:

మీ దగ్గర ఇప్పటికే ఎక్కువున్నదే తేలిక. టో బార్ (విమానాన్ని లాగే కడ్డీ) హెడ్ దగ్గర్నుంచి చక్రం, బ్రేక్, జాక్ దాకా టైప్‌ని బట్టి మారతాయి. ఒక్క టైర్ పగిలినా మారుమూలలో అది రెండో విమానంలో రావాల్సిందే. మేం ఒక ఫ్లైఅవే కిట్ (వెంట తీసుకెళ్లే పనిముట్లు, విడిభాగాలు) సర్ది ఉంచుతాం. కొత్త టైప్ వస్తే ఇంకో కిట్ కావాలి, దానితో పని తెలిసిన ఇంజినీర్లూ కావాలి. ఎ330నియోలో ఇంజిన్ మారింది గానీ, పాత ఎ330లో మీకున్న పనిముట్లు చాలావరకు పనికొస్తాయి.

ట్రిపుల్‌సెవెన్_కెప్టెన్:

డిస్పాచ్ గారు రష్యా విషయంలో అన్నది సరైనదే, దాన్ని నేను తక్కువ చేశాను. అట్లాంటిక్‌తో ఆగిపోతే నేనైతే ఎ330-900 తీసుకుంటాను. పసిఫిక్ రూట్లు ఖాయమైతే ఎ350. మీ ఎ330 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) కూడా డిఫరెన్సెస్ ట్రైనింగ్‌తో (తేడాలు మాత్రమే నేర్పే శిక్షణతో) ఎ350కి పనికొస్తుంది, రెండూ కలిపి నడుపుకోవచ్చు.

కానీ ఏది కొన్నా మీ ఫ్లీట్ మీటింగ్‌లో ఒకటి అడగండి. 180 నిమిషాలు దాటిన ఈటాప్స్‌కి, ధ్రువ ప్రాంత రూట్లకి పాసింజర్ రికవరీ ప్లాన్ (చిక్కుకున్న ప్రయాణికులను చూసుకుని, తిరిగి తీసుకెళ్లే ఏర్పాట్ల పత్రం) ఉండాలని ఎఫ్ఏఏ 2007లోనే నిబంధన పెట్టింది. మీ దేశపు నిబంధన అడగకపోయినా ఆ కాగితం చూపించమనండి. షెమ్యా పేరు కింద మెట్ల ఎత్తు, పడుకునే చోటు, రెండో విమానం ఎక్కడి నుంచి ఎన్ని గంటల్లో వస్తుంది అన్నవి రాసి లేకపోతే, ఆ రూట్ మొదలయ్యేలోపు రాయించండి.