నరసింహసామి తోలు మాస్కు: వేషగాడి మొహానికి కొలిచి చేయించాలా, అందరికీ ఒకటే చాలా?

మంగళం_రోడ్డు: మా బృందానికి నరసింహసామి మాస్కు తోలుతో చేయిస్తా ఉండా. పాతది కాగితం గుజ్జుది, చెమటకి మూడు ఆటలకే ముక్కు కాడ మెత్తబడిపాయ. చేసేటాయన ఏమో వేషగాడు వచ్చి కూర్చోవాల, కనుబొమలకి వాసెలిన్ పూసి మొహానికి ప్లాస్టర్ వేసి అచ్చు తీస్తా అంటాడు, దాన్నిబట్టి కొయ్య మూస చెక్కించి తడితోలు బిగించాలంట. ఖర్చు డబుల్. అవసరమా?

గజ్జెలు_77: అవసరమే అన్నా. ఒకసారి నాకు అరువు మాస్కు కట్టినారు, కంటి బొక్కలు అర అంగుళం పక్కకి. స్తంభంలోంచి దూకి నేరుగా మద్దెలాయన ఒళ్ళో పడినా.

హార్మోని_పెద్దాయన: వద్దు. తంజావూరు కాడ మెలట్టూరు భాగవతమేళాలో, ఆడేది తెలుగే, నరసింహసామి మాస్కుకి గుళ్ళో పూజ చేస్తారు. మాస్కు సామిది. మనిషే దానికి ఒదగాల. వదులైతే లోపల గుడ్డ పెట్టుకోవాల.

గజ్జెలు_77: గుడ్డ తడిస్తే ఊపిరాడదు, పద్యం యాడ పాడేది?

తోలుపని_చిత్తూరు: క్రోమ్ ఉప్పుతో పదును చేసిన తోలు మాత్రం తేవద్దు, తడిపి ఒత్తినా ఆరితే మళ్ళా చదునైపోతుంది. చెట్టుపట్టతో పదును చేసింది కావాల, రెండు మిల్లీమీటర్ల లోపల. మాస్కుని పై పెదవి కాడ ఆపేస్తే గొంతు బయటికొస్తుంది.

హార్మోని_పెద్దాయన: రెండు మిల్లీమీటర్లా? నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడు, మేకతోలు, ఎంత పలచన!

తోలుపని_చిత్తూరు: అది తెర మీదికి వెలుగు రావాలని పెద్దాయనా. ఇది నిలబడాల.

హార్మోని_పెద్దాయన: తోలు తోలే.

గజ్జెలు_77: 1947లో ఇటలీలోని మిలాన్‌లో ఆర్లెకినో అనే హాస్యగాడి వేషం కట్టిన మొరెట్టి కూడా మాస్కు వద్దని మొహానికి రంగే పూసుకున్నాడు, మాస్కులు చేసే సార్తోరి తోలుతో చేసిచ్చినాకే కట్టినాడు.

హార్మోని_పెద్దాయన: ఇటలీ దాకా ఎందుకులే నాయనా, నువ్వెవురో నాకు తెలుసు. దుడ్డు మాది, కొలత నీ మొహానిది, పోయినేడు నువ్వు ఇంకో బృందంలోకి పోతే ఆ మాస్కు ఎవురికీ పట్టక అటక మీద పడుంది.

గజ్జెలు_77: అదీ సంగతి. మీకు కావాల్సింది అందరికీ పట్టే మాస్కు కాదు, ఎప్పుడంటే అప్పుడు మార్చుకునే వేషగాడు. కూలి రెండొందలు పెంచమంటే "మాస్కు కింద ఎవుడున్నా జనానికేం తెలుసు" అన్నది మీరే కదా?

హార్మోని_పెద్దాయన: అన్నా. ఇప్పుడూ అంటా. మొహం కనబడాలంటే కృష్ణుడేషం కట్టు.

మదనపల్లె_పిల్లోడు: 🍿

తోలుపని_చిత్తూరు: మంగళం అన్నా, మూస మాధవమాలలో చెక్కించుకో, కొయ్యపని వాళ్ళకి తెలుసు. అది ఎవురి కాడ ఉండాల్నో మాత్రం ముందే రాసుకోండి.

హార్మోని_పెద్దాయన: బృందం కాడే.

గజ్జెలు_77: మొహం ఎవురిది?

మంగళం_రోడ్డు: అయ్యా, మా వేషగాడు గూడా ఇదంతా చదివినాడంట. ఇప్పుడే ఫోన్ చేసినాడు, కూలి సంగతి తేలందే ప్లాస్టర్‌కి కూర్చోడంట.