కుమ్మియా ఒర వెనకంతా ఇత్తడి! మోసపోయానా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. రెండేళ్లుగా మొరాకోలో, కాసాబ్లాంకాలో పని చేస్తున్నాను. మొన్న మరాకేష్ వెళ్లినప్పుడు పాత బజారులో ఒక బాకు కొన్నాను. వంపు తిరిగిన కత్తి, ఇక్కడ కుమ్మియా అంటారు. ఒర మీద నగిషీ చూసి ఆగలేకపోయాను. బేరమాడి 1,500 దిర్హాములు ఇచ్చాను. "రెండు వందల ఏళ్లనాటిది, అంతా వెండే" అన్నాడు కొట్టువాడు. గదికొచ్చి తిప్పి చూస్తే వెనకంతా ఇత్తడి! పైగా కత్తిని ఒర పక్కన పెట్టి చూస్తే మూడు వేళ్లు పొట్టి. పిడి తెల్లగా ఉంది, ఏనుగు దంతమేమోనని ఇంకో టెన్షన్. మా ఆవిడేమో చింతపండుతో తోమితే తళతళలాడుతుందంటోంది. తోమమంటారా? సంక్రాంతికి హైదరాబాద్ తెచ్చుకోవచ్చా?

జవాబు: ముందు ఆ చింతపండు గిన్నె లోపల పెట్టించండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. నేను చేసిన పాపం అదే. టిజ్నిట్‌లో కొన్న ఒర మీద గీతల నిండా నలుపు ఉంటే మురికనుకున్నాను. చింతపండు వేసి, అది చాలదన్నట్టు పేస్టు పెట్టి బ్రష్షుతో రుద్దాను. అరగంటలో ఆ నలుపు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అది మురికి కాదు. వెండి, రాగి, సీసం గంధకంతో కలిపి కరిగించి, చెక్కిన గీతల్లో నింపే నల్లపూత. మన బిదిరీ పాత్రకి నలుపు పోయేదాకా తోమితే ఏం మిగులుతుంది? అలాగే అయింది నా ఒర. మెత్తని పొడిగుడ్డతో తుడవండి, అంతకు మించి వద్దు.

జవాబు: పై ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఇక మీ అనుమానాలు. వెనక ఇత్తడి ఉంటే మోసం అనుకోకండి. పాత కుమ్మియాల్లో చాలావాటికి ముందు వెండి రేకు, వెనక ఇత్తడి రేకే ఉంటాయి. వెనకభాగం బట్టలకి ఆనుకుని ఉంటుంది, ఎవరూ చూడరు. అక్కడ వెండి ఎందుకు దండగ అనుకున్నారు, అంతే. "అంతా వెండే" అన్న మాట మాత్రం అబద్ధం.

కత్తి పొట్టి అవడమూ మామూలే. ఒర చివర కొక్కెంలా బాగా పైకి తిరిగి ఉంటుంది, కత్తికి అంత వంపు ఉండదు, అందుకని అది చివరిదాకా వెళ్లదు. కత్తి పిడి నుంచి సగం దూరం దాకా తిన్నగా వచ్చి, ఆపైన వంగుతుంది. వంపు దగ్గర్నుంచి మొనదాకా రెండు వైపులా పదును. ఇనుము గొప్పగా లేకపోయినా నిరాశపడకండి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఒక పాత ఒర తన జీవితంలో రెండు మూడు కత్తులు మార్చి ఉండొచ్చు. పనితనమంతా ఒరలోనే. నేనైతే కత్తి వంక రెండు నిమిషాలు చూసి, ఒరతో సాయంత్రమంతా కూర్చుంటాను.

ఇప్పుడు భూతద్దం తీసుకుని మూడు చోట్ల చూడండి. ఒరకి రెండు పక్కలా చెవుల్లాంటివి, వాటికి రింగులు ఉంటాయి. ఏళ్ల తరబడి వేలాడితే రింగు ఆనే చోట రంధ్రం ఒకవైపుకి సాగి ఉంటుంది. గుండ్రంగా, కొత్తగా ఉంటే దాన్ని ఎవరూ తగిలించుకోలేదన్న మాట. రెండోది, ముందువైపు నగిషీలో ఎత్తుగా ఉన్న అంచులు. అక్కడ అరిగి పసుపు ఛాయ తేలితే మీది అచ్చమైన వెండి కాకపోవచ్చు. ఇత్తడి మీద పూతో, మనం పూజ సామాన్లలో చూసే జర్మన్ సిల్వరో అయ్యుండొచ్చు. జర్మన్ సిల్వర్ అంటే రాగి, నికెల్, జింకు కలిపిన లోహం, అందులో వెండి చుక్క కూడా ఉండదు. అయస్కాంతం పెట్టి చూసి మురిసిపోకండి, అది వెండికీ అంటుకోదు, ఇత్తడికీ అంటుకోదు. గీటురాయి మీద గీయించాల్సి వస్తే నగిషీ ఉన్న ముందువైపు గీయనివ్వకండి. హాల్‌మార్క్ సెంటర్లలో గీత పడకుండా చూసే ఎక్స్‌రే మెషిన్ ఉంటుంది, అది మేలు.

మూడోది పిడి. సన్నని నల్లచుక్కలు, పొట్టి గీతలు కనిపిస్తే ఎముక. దంతానికి అవి ఉండవు, అడ్డంగా కోసిన చోట ఒకదానికొకటి అడ్డంగా సాగే గీతల వల కనిపిస్తుంది. ఒంటె ఎముక పలకలతో ఒరంతా తాపడం చేసినవి మాత్రం ఎక్కువగా టూరిస్టుల కోసం చేసిన కొత్త సరుకు. అందంగా ఉంటే కొనుక్కోవచ్చు, పాతదన్న ధర మాత్రం ఇవ్వొద్దు.

మరొకరు: అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. హైదరాబాద్ బార్కస్ పేటలో, యెమెన్ మూలాలున్న చావుష్‌ల పెళ్లిలో జంబియాలనే వంపు బాకులు చూశాను. ఇదీ అదీ ఒకటేనా?

జవాబు: చుట్టాలే గానీ ఒకటి కాదు. వాళ్ల పెద్దలు తెచ్చిన జంబియా యెమెన్ వైపుది. నడుం బెల్టుకి ముందు మధ్యలో నిలువుగా పెట్టుకుంటారు. కుమ్మియాని కుడి భుజం మీదుగా వేసుకున్న అల్లిక తాడుకి ఎడమ పక్కన వేలాడదీస్తారు. అట్లాస్ కొండల్లో అహ్వాష్ అనే బృంద నాట్యాల్లో తెల్ల జెల్లాబాల (పొడుగు అంగీల) మీద ఎర్ర తాళ్లతో వరసగా నిలబడతారు చూడండి, అప్పుడు తెలుస్తుంది దాని అందం.

జవాబు: తెచ్చుకునే సంగతి నేను చెప్తాను. 1959 ఆయుధ చట్టం ప్రకారం బాకు ఆయుధమే. అలంకారానికి అన్నంత మాత్రాన వదిలెయ్యరు. దిగుమతికి వేరే నియమాలున్నాయి. కేబిన్ బ్యాగులో ఎలాగూ కుదరదు. టికెట్ తీసుకోకముందే శంషాబాద్ కస్టమ్స్‌కి ఫొటోలు, బ్లేడు కొలత, బిల్లు పెట్టి మెయిల్ రాసి, జవాబు కాగితం మీద తీసుకోండి. అటు మొరాకోలో విమానసంస్థనీ అడగండి. చీకట్లో సర్దేసి దిగాక దండం పెడితే పని జరగదు.

ప్రశ్న వేసినవారు: అందరికీ ధన్యవాదాలండీ. రింగు రంధ్రాలు రెండూ కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉన్నాయి! పిడి మీద నల్లచుక్కలున్నాయి, ఎముకే. కానీ ముందువైపు అంచుల్లో పసుపు ఛాయ తేలింది, జర్మన్ సిల్వరే అనుకుంటా. మా ఆవిడ చింతపండు చారులోకి వెళ్లిపోయింది. తుప్పు కొంచెం ఉంది, కొబ్బరినూనె రాయనా?

జవాబు: కొబ్బరినూనె కొన్నాళ్లకి జిగటయి దుమ్ము పట్టేస్తుంది. కుట్టు మిషను నూనె రెండు చుక్కలు గుడ్డకి అద్ది, కత్తికి మాత్రమే రాయండి. ఒరలోపల పోయకండి, లోపల చెక్క ఉండొచ్చు. రింగులు అంత అరిగాయంటే ఎవరో దాన్ని నిజంగానే తగిలించుకుని తిరిగారు. మీ 1,500 గురించి బాధపడకండి. తాడు వచ్చిందా దాంతో?

ప్రశ్న వేసినవారు: వచ్చింది, మాసిన ఎర్ర ఉన్ని తాడు. ఉతకనా?

జవాబు: ముట్టుకోకండి బాబూ!