గర్భసంచి తీసెయ్యకుండ ఈ క్యాన్సర్ తగ్గుతదా?

దేవరకొండ నుంచి:
నాకు 29. పెండ్లయి ఆరేండ్లు, పిల్లలు లేరు. పీసీఓడీ ఉంది. మూణ్ణెల్లకోసారి బయటుంట, అదొస్తే ఇరవై రోజులు ఆగదు. నల్లగొండల డి అండ్ సి (సంచి లోపలి పొర గీకుడు) చేసి ముక్క పరీక్షకు పంపితే 'ఎండోమెట్రియాయిడ్ కార్సినోమా, గ్రేడ్ 1' అని వచ్చింది, అంటే సంచి లోపలి పొర క్యాన్సర్, మెల్లగ పెరిగే రకమట. పది రోజులల్ల సంచి తీసేద్దామంటున్నరు. మా అమ్మ పాత చీరలతోని కుట్టిన పిల్లబొంత ఇంకా సందూకలనే ఉంది. వేరే తొవ్వ ఏమన్న ఉందా అక్కా?

జడ్చర్ల నుంచి:
చెల్లె, నాకు 31 ఏండ్లకు ఇదే రిపోర్టు వచ్చింది. సంతకం పెట్టకముందే ఆ ముక్కవి స్లైడ్లు (అద్దం పలకలు), ముక్కను మైనంల పెట్టిన బ్లాకులు అడిగి తీసుకో. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌ల ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అసొంటి చోట ఇంకో పాథాలజిస్టుకు చూపియ్యి. ఎంఆర్ఐ తీయించు. గడ్డ లోపలి పొరలనే ఉండి, కండరంలకు దిగకుండ, అండాశయాలు మంచిగుంటేనే సంచి తీయకుండ హార్మోన్ మందులతోని తగ్గించే తొవ్వ. దిగిందంటే పట్టుబట్టకు, నీ పానం ముందు.

పీసీఓడీల అండం సరిగ విడుదల కాదు, పొరను అదుపుల పెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోన్ రాదు. ఈస్ట్రోజెన్ ఒక్కటే పొరను పెంచుకుంట పోతది. ఒంట్ల కొవ్వు కూడ ఈస్ట్రోజెన్ తయారుచేస్తది. అందుకే నాకు ప్రొజెస్టిరాన్ లెక్క పనిచేసే మెజెస్ట్రాల్ గోలీలు రోజుకు 160 మిల్లీగ్రాములు ఇచ్చి, సంచిల అసొంటి హార్మోనే వదిలే లూప్ పెట్టిన్రు. ఆ గోలీలకు ఆకలి ఆగదు. రాత్రి అన్నం బంద్ చేసి జొన్నరొట్టె తిన్న, రోజూ గంట నడిచిన.

మూణ్ణెల్లకోసారి హిస్టెరోస్కోపీ (సంచిలకు సన్న కెమెరా పంపి చూసుడు) చేసి ముక్క తీస్తరు. మొదటిసారి ఇంకా ఉందన్నరు. ఆ రాత్రి ఇంట్ల ఎవ్వరం తినలే. ఆరో నెలల లేదు, తొమ్మిదో నెలల లేదు. ఇగ ఆగొద్దని వెంటనే ఐవీఎఫ్‌కు పంపిన్రు, ఎందుకంటే ఇది పోయినా చానామందికి మళ్ల వస్తది. రెండోసారికి నిలిచింది. పాప పుట్టినంక సంచి తీయించుకున్న. ముందు చెప్పిన మాట అదే, తప్పలే.

మిర్యాలగూడ నుంచి (స్టాఫ్ నర్సును):
అమ్మా, మీ ఇంట్ల చిన్న వయసుల పెద్దపేగు క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్ ఎవరికన్న వచ్చిందా? అట్లయితే లించ్ సిండ్రోమ్ (ఈ క్యాన్సర్లు వంశంల వచ్చేటట్టు చేసే జన్యు లోపం) ఉందేమో చూడాలె. ఆ బ్లాకు మీదనే ఎంఎంఆర్ పరీక్ష (డీఎన్‌ఏల తప్పులు సరిచేసే ప్రొటీన్లు ఉన్నయా లేవా అని చూసేది) చేస్తరు, అడుగు.

దేవరకొండ నుంచి:
మా మేనమామ 42 ఏండ్లకే పేగు క్యాన్సర్‌తోని పోయిండు. ఇన్నిరోజులు నన్ను ఎవ్వరు అడగలే. రేపు పొద్దున స్లైడ్లకు పోతున్న. ఈ ఎండల బస్సుల తీసుకపోతే మైనం కరుగుతదా అక్కా?

జడ్చర్ల నుంచి:
కరగదు గాని కిటికీ దిక్కు పెట్టకు. స్లైడ్లు పగులుతయి, పర్సుల వెయ్యకు. టిఫిన్ డబ్బాల దూది పరిచి పెట్టుకో, ఒళ్లనే పట్టుకో.